ఏ కారు ముందుంది

"కారెవరు కడిగారు?"

ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చిన కరుణకుమారి, చేతిసంచి భుజం మీద ఉండగానే, గేటు దగ్గర నిలబడి అడిగిన మొదటి మాట అది.

ఇంట్లో ముగ్గురున్నారు. ముగ్గురికీ వినపడింది.

వాకిట్లో సిమెంటు గచ్చు ఇంకా తడిగానే ఉంది. దాని మీద తెల్ల హైబ్రిడ్ బండి మిలమిల్లాడుతూ నిలబడింది. కొన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో దాన్ని చేత్తో తుడిచిన పుణ్యాత్ముడు లేడు. సర్వీసింగ్ వాళ్ళు కడిగితే కడిగినట్టు, వాన కురిస్తే తడిసినట్టు. అలాంటిది శనివారం పొద్దున్నే షాంపూ వాసన వేస్తోంది.

"నిన్నేరా సత్యా. ఎవరు కడిగారు?"

"నేనే. దుమ్ముగా ఉందని కడిగినాను. తప్పేటి?" సత్యప్రకాష్ గుమ్మంలోకి వచ్చాడు. లుంగీ అంచు తడిసి కాళ్ళకు అంటుకుపోతోంది.

"మంగళవారం నుంచీ దుమ్ముగానే ఉన్నాది. ఇవాళే కనబడిందా నీకు?"

"రేపు చర్చికి ఎల్లాలి కదేటి. నలుగురూ చూస్తారు."

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోవడం అనేది మన పెద్దలు ఊరికే అనలేదు. కొడుకు ముఖం చూసి కరుణకుమారి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమవైపు అద్దం మీద చెయ్యి వేసింది. మర సడలినట్టు అద్దం కొద్దిగా కదిలింది. రెండోసారి కదిపి చూసే ధైర్యం చాలక చెయ్యి తీసేసింది.

వరండాలో కూర్చుని తెగిన మైకు తీగ అతుకుతున్న ఆమె భర్త ప్రేమరాజు ఇదంతా చూస్తూనే ఉన్నాడు, చూడనట్టు. ముప్ఫై ఏళ్ళుగా నర్సీపట్నంలో పెళ్ళికీ పేరంటానికీ, సువార్త కూటానికీ అమ్మవారి జాతరకీ మైకు సెట్లు కట్టి బతుకుతున్న మనిషి. దుకాణం పేరు 'కరుణ సౌండ్స్'. చప్పుడు అమ్ముకుని సంపాదించిన డబ్బుతో చప్పుడు చెయ్యని కారు కొన్నాడని స్నేహితులు వేళాకోళం చేస్తే మురిసిపోయేవాడు. ఇప్పుడు ఎవరైనా కారు అంటే చాలు, ఉలిక్కిపడుతున్నాడు.

"దేవుడమ్మ ఎలాగుంది?" అని అడిగాడు తీగ మీంచి తల ఎత్తకుండా.

"తుంటి ఎముక విరిగిన మనిషి ఎలాగుంటాది? ఆపరేషన్‌కి విశాఖ పంపుతారంట." కరుణకుమారి మెట్టు మీద కూలబడింది. "రాత్రి మందులిస్తంటే నా చెయ్యి పట్టుకుంది. ఒక మాట అడుగుతాను సెప్పు సిస్టరమ్మా అంది."

"ఏటంది?"

"'నాను సెవిటిదాన్ని కాదమ్మా. ఎనకమాల ఎర్రకారు గుయ్యిమంటంటే ఇన్నాను. ఇనబట్టే ధాన్యం ఒదిలీసి రోడ్డవతలికి తప్పుకున్నాను. తప్పుకున్నాకే తగిలింది. తగిలినప్పుడు నా పక్కన ఏ సప్పుడూ లేదు. మరి నన్నేటి గుద్దినాదమ్మా?' అని అడిగింది."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? పడుకో అన్నాను."

సత్యప్రకాష్ లోపలికి వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మం దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కూతురు జెన్నీ మాత్రం కదల్లేదు. ఆ పిల్ల నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. డిగ్రీ పరీక్షల బెంగ అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. పిల్లలు ఏ బెంగ పెట్టుకున్నా పరీక్షల ఖాతాలో వేసెయ్యడం మనకు అలవాటే కదా.

ఊళ్ళో అయితే ఏ అయోమయమూ లేదు. జీడిపిక్కల వ్యాపారి మన్మథరావు కొడుకు గోవింద్, కోటవురట్ల రోడ్డు మీద ధాన్యం ఎండబెట్టుకుంటున్న ముసలమ్మను ఎర్ర స్పోర్ట్స్ కారుతో గుద్దేశాడు. అంతే. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. విన్నవాళ్ళు మాత్రం రెండూళ్ళ జనం ఉన్నారు. ఆ కారు లేచిందంటే ఆ చివరి పొలంలో కొంగలు కూడా ఎగిరిపోతాయి. పైగా దేవుడమ్మ కొడుకు పెదబాబు పరుగెత్తుకొచ్చేసరికి ఆమె పక్కన నిలబడి ఉన్నది ఎర్రకారే. ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్సై కారును స్టేషన్‌లో పెట్టించి, గోవింద్‌ను రోజూ వచ్చి సంతకం పెట్టమన్నాడు. సోమవారం ప్రేమరాజును పిలిచి ఒక్క మాట అడిగి, ఆ తర్వాత కేసు రాస్తానన్నాడు.

ఆ ఒక్క మాటా ఇదే. ఏ కారు ముందుంది?

అరవైకి దగ్గరపడిన ఇద్దరు చిన్ననాటి స్నేహితులు, ప్రేమరాజూ మన్మథరావూ, చేసిన పని అది. నా కారు గొప్పంటే నా కారు గొప్పని మాటామాటా అనుకుని, నిలబడ్డ చోటు నుంచి స్పీడ్ బ్రేకరు దాకా ఏది ముందు అందుకుంటుందో చూద్దామనుకున్నారు. పందెం అంటే చర్చి సంఘపెద్ద ప్రేమరాజుకు తప్పుగా తోచింది. అందుకని దానికి 'టెస్టింగ్' అని పేరు పెట్టాడు. మైకుకు చేసేది టెస్టింగే, కారుకు చేసేదీ టెస్టింగే. దేవుడికి అభ్యంతరం ఉండదని ఆయన లెక్క. ఎర్రదానిలో గోవింద్, తెల్లదానిలో సత్యప్రకాష్, పక్క సీట్లో జెన్నీ. తండ్రులిద్దరూ వెనక నిలబడ్డారు. ప్రేమరాజే జేబురుమాలు ఊపాడు. ఊపిన మరుక్షణం ఊకా దుమ్మూ లేచి ఇద్దరి కళ్ళూ మూసుకుపోయాయి. అక్కడితో వాళ్ళకు తెలిసింది ఆఖరు.

---

మన్మథరావు పదింటికి వచ్చాడు, పాత స్కూటర్ మీద. వెంట వచ్చిన గోవింద్ అరుగు అవతలే ఆగిపోయాడు.

"లోపలికి రా నాయనా," అంది కరుణకుమారి.

"పరవాలేదు పిన్నీ," అని అక్కడే చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఎప్పుడూ ఈ ఇంటికి వస్తే తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసే పిల్లాడు.

జెన్నీ తెచ్చిన టీ మన్మథరావు తీసుకున్నాడు గాని తాగలేదు. అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. మీగడ కట్టింది.

"ఒరే రాజు," అన్నాడు చివరికి. "మనిద్దరం ఒక్కసోటే నిలబడ్డాం. నాకు దుమ్మే కనబడింది. నీకేటి కనబడింది?"

"దుమ్మే."

"ఇంకేటీ కనబడలేదా?"

"లేదురా."

మన్మథరావు తల ఊపాడు. "మావోడు ఒకటి సెప్తన్నాడు. ఆడి టైర్లు ధాన్యం మీద పడి తిరిగిపోనాయంట. ఇంజను అరుస్తందిగాని బండి కదల్లేదంట. తెల్లకారు ముందుకెల్లిపోనాదంట. తరవాతెప్పుడో ఎర్రది పట్టందుకునీసరికి ముసలమ్మ రోడ్డు మీద పడున్నాదంట. బండాపి ఎత్తినాను నాన్నా అంటన్నాడు."

అరుగవతల గోవింద్ తల ఎత్తలేదు.

"అదే ఎస్సైకి సెప్పినాడు. ఆయన నవ్వినాడు. స్పోర్ట్స్ కారు ఎనకబడ్డమేటి, ఇంటి బండి ముందుకెల్డమేటి, కాకమ్మ కబుర్లు సెప్పకన్నాడు. ఎలగ నమ్ముతాడు? ఊరంతా ఎవుడు సెప్పుకు తిరిగినాడు, మా ఎర్రది మూడు లెక్కెట్టీలోగా వందకెల్లిపోద్దని? నానే కదేటి." గ్లాసులో మీగడ వేలితో పక్కకు నెట్టాడు. "నా గొప్పలే నా కొడుక్కి సాక్ష్యం అయిపోనాయిరా."

"ఊరుకో మన్మథా."

"నిజం సెప్పనా, నాకూ నమ్మకం సాల్లేదు. రేత్రి ఆణ్ణి కొట్టినాను. ఇరవై ఆరేళ్ళ గుంటణ్ణి. ఆడు సెయ్యడ్డం పెట్టుకోలేదు."

ఆ మాటకు జెన్నీ చేతిలోని టీ పళ్ళెం జారిపడింది. దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు.

"సోమవారం నిన్నడుగుతారు," అన్నాడు మన్మథరావు లేస్తూ. "నువ్వు మీ గుళ్ళో ప్రభువు బల్ల రొట్టె అందించే పెద్దవి. నీ మాటంటే ఎస్సైకి గురి. నాకోసం అబద్దం సెప్పమని అడగడానికి రాలేదు. నీకు తెలిసిందే సెప్పు. తెలిసింది మాత్రం సెప్పు."

టీ గ్లాసు కుర్చీ కింద పెట్టి స్కూటర్ ఎక్కాడు. గోవింద్ వెనక కూర్చున్నాడు. వెళ్ళేముందు గోవింద్ ఒకసారి ఇంటివైపు చూశాడు. ఎవరికోసం చూశాడో ప్రేమరాజుకు అర్థం కాలేదు.

తనకు తెలిసింది ఏమిటో కూడా ఆయనకు అర్థం కాలేదు. ఎర్రది వేగంలో దీనికి రెండింతలు అన్నది నిజం. కంపెనీవాళ్ళే చెబుతారు. అలాంటప్పుడు తనది ముందు ఎలా ఉంటుంది? ఉండదు. మరి గోవింద్ చిన్నప్పటి నుంచీ తన ముందు అబద్ధం ఆడిన పిల్లాడు కాదు. అదీ నిజమే. రెండు నిజాలూ ఒకచోట ఇమడడం లేదు.

---

"నాన్నా, నువ్వు అంత ఆలోచించక్కర్లేదు," అంటూ సత్యప్రకాష్ బయటికి వచ్చాడు. మన్మథరావు స్కూటర్ సందు మలుపు తిరిగేదాకా తలుపు చాటున ఆగినట్టున్నాడు. "ప్రూఫ్ ఉంది."

"ఏటి ప్రూఫు?"

"ఆరోజు నా ఫోన్లో వీడియో ఆన్ చేసి ఉంది. బొమ్మ ఏం పడలేదు, కారు టాపు, నా మోకాలు, అంతే. కానీ సౌండ్ ఉంది. ఎర్రకారు ఎలా అరుస్తందో నువ్వే విను. ఎస్సైకి వినిపిస్తే సరిపోతుంది."

ఫోను తండ్రి చెవి దగ్గర పెట్టాడు. గుయ్యిమన్న రొద తప్ప ఇంకేమీ లేదు. కరుణకుమారి కూడా వంగి విన్నది.

"విన్నారా? మొత్తం ఎర్రదాని సప్పుడే. మన బండి సౌండే లేదు."

"మళ్ళీ పెట్టు," అన్నాడు ప్రేమరాజు.

మళ్ళీ పెట్టాడు.

ప్రేమరాజు ముఖంలో ఏదో మారింది. నాలుగు మైకు హారన్లు కలిసి మోగుతుంటే వాటిలో దేనికి లోపలి పొర చిరిగిందో వీధి చివర నుంచి చెప్పగలిగిన చెవి ఆయనది. "దుకాణంలోకి రా," అని లేచాడు.

ఇంటిని ఆనుకునే దుకాణం. క్రిస్మస్ కూటాలకని సిద్ధం చేసిన పెద్ద స్పీకరు పెట్టెలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. ప్రేమరాజు ఫోనుకు తీగ తగిలించాడు. షట్టరు సగం దించాడు. బేస్ తగ్గించాడు. ఇంకేదో తిప్పాడు.

రొద దుకాణం నిండా లేచింది. ఇంజను పైకి పైకి అరుస్తోంది. కానీ దగ్గరికి రావడం లేదు, ఉన్నచోటే అరుస్తోంది. దూరంగా, వెనక. అంతలో టప్ మని చిన్న దెబ్బ. మైకు ముందు వేలితో కొట్టినంత చిన్నది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, రొద అడుగు నుంచి.

"అన్నయ్యా, ఏదో తగిలింది."

తర్వాత సత్యప్రకాష్ గొంతు, నవ్వుతూ. "ఏం లేదు, తొక్కు. ఎనకపడిపోనాడు. తొక్కు."

ఆ తర్వాతే ఎర్రకారు చప్పుడు దగ్గరికి వచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

దుకాణంలో ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. ప్రేమరాజు వీడియో ఆపలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కనుక వాల్యూమ్ తగ్గించాడు. తరువాత కొడుకు చేతివైపు చూశాడు.

"ఫోను నీ చేతిలో ఉంటే," అన్నాడు నెమ్మదిగా, "స్టీరింగ్ ఎవుడి చేతిలో ఉన్నాది?"

సత్యప్రకాష్ పెట్టెల వైపు చూశాడు. ఫోను చిన్న స్పీకర్లో ఆ గొంతులు వాడికి ఒక్కసారి కూడా వినపడలేదు. ఆ సాక్ష్యం తన చేత్తో తానే తెచ్చి ఇచ్చాడు.

"నా చేతిలో," అంది జెన్నీ.

సగం దించిన షట్టరు కింద నుంచి ఎప్పుడు వంగి లోపలికి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"నేనే అడిగాను నాన్నా. మీరిద్దరూ వెనక్కి నడిచెళ్ళినప్పుడు ఒక్కసారి ఇయ్యన్నయ్యా అన్నాను, లోపలే సీట్లు మారిపోయాం. నొక్కగానే అలా లేచిపోతుందనుకోలేదు. సప్పుడు లేదు. సప్పుడు లేకపోతే స్పీడు లేదనుకున్నాను. ఎర్రకారు ఏమైందా అని అద్దంలో చూస్తున్నాను. ముందుకి చూడలేదు."

"నీకు లైసెన్సు ఏదే?" అంది కరుణకుమారి. తెలిసిన విషయమే అడిగింది. తల్లులు అలాగే అడుగుతారు.

"లేదు."

"అందుకే నేను నడిపినానని చెప్పాను," అన్నాడు సత్యప్రకాష్. "లైసెన్సు లేకుండా నడిపి మనిషిని గుద్దిందంటే దాన్ని ఏం చేస్తారో తెలుసా? ఇన్సూరెన్సు కూడా రాదు. గోవింద్‌కైతే లైసెన్సుంది, లాయరున్నాడు, డబ్బుంది. ఆడు బయటపడిపోతాడు."

"తగిలిందని చెప్పినా తొక్కమన్నావు," అన్నాడు ప్రేమరాజు.

"నాకు తెలిసేటి నాన్నా? రాయి అనుకున్నాను."

"రాయనుకున్నోడివి కారెందుకు కడిగినావురా?"

పెట్టెల్లోంచి వీడియో మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. రొద, టప్ మన్న దెబ్బ, 'అన్నయ్యా' అన్న గొంతు. కరుణకుమారి ఒక్క అంగలో వెళ్ళి తీగ లాగేసింది.

"చాలు," అంది. "ఇది ఇక్కడితో ఆగిపోవాలి."

ప్రేమరాజు ఆమె వైపు వింతగా చూశాడు. పొద్దున్న గేటు దగ్గర పోలీసులా నిలబడి అడిగిన మనిషి ఈమేనా?

"కరుణా, దేవుడమ్మ నిన్నే కదా అడిగింది, నన్నేటి గుద్దిందని."

"అడిగింది. ఆమె బెడ్‌పాన్ తీసింది నేను. ఆమె కాళ్ళు తుడిచింది నేను. బతికున్నన్నాళ్ళూ చేస్తాను. కానీ నా పిల్లని స్టేషన్‌లో కూర్చోబెట్టలేను." ఆమె వేళ్ళు తీగను చుట్టలు చుడుతున్నాయి, విప్పుతున్నాయి. "నాకు ఏది తప్పో తెలీక కాదు. తెలిసీ నోరు రావట్లేదు."

"మరి గోవింద్?"

"నన్నడక్కండి. నన్నేటీ అడక్కండి."

"సోమవారం నేనేటి చెప్పాలి?"

"దుమ్ము అనండి. దుమ్మేగా కనబడింది మీకు?"

ప్రేమరాజుకు కూర్చోవాలనిపించింది. దుకాణం నిండా అద్దె కుర్చీలే, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కటి విడదీసే ఓపిక లేక స్పీకరు పెట్టె మీదే కూర్చున్నాడు. ఆయనకు స్నేహితుడి మీద జాలి, కూతురి మీద ప్రేమ, కొడుకు మీద కోపం, భార్య మీద ఏమిటో పేరు తెలియనిదీ అన్నీ ఒక్కసారే కలిగాయి. మనసు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

"రేపు చర్చిలో ప్రభువు బల్ల," అన్నాడు.

ఆ మాటకు మిగతా ముగ్గురూ తలలు దించుకున్నారు.

కరుణకుమారి కారు తాళం కొడుకు జేబులోంచి తీసుకుని తన చేతిసంచిలో వేసుకుంది. "సోమవారం దాకా దీన్ని నేనివ్వందే ఎవరూ ముట్టుకోకండి," అంది.

---

వాళ్ళ సంఘంలో ఒక పద్ధతి ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఎవరితోనైనా తేడా ఉన్నవాళ్ళు ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి సరిచేసుకుని రావాలి. సరిచేసుకోనివాళ్ళు రొట్టె పళ్ళెం తమ ముందుకు వచ్చినప్పుడు చెయ్యి చాపకూడదు. చాపనివాళ్ళను గుళ్ళో ఎవరూ ఏమీ అడగరు. అది మర్యాద. మధ్యాహ్నం భోజనాల వేళకు మాత్రం ఎందుకు చాపలేదో రావికమతం దాకా తెలిసిపోతుంది. అది కూడా ఒకరకమైన మర్యాదే అనుకోవాలి.

నడిచి వెళ్తే కారు ఏమైందని అడుగుతారు. అందుకని నలుగురూ కారులోనే వచ్చారు. ప్రేమరాజు నడిపాడు, ఎడ్లబండి తోలినంత మెల్లగా. దిగగానే కరుణకుమారి తాళానికి చెయ్యి చాపింది. ఆయన ఇచ్చాడు. ఆమె సంచిలో వేసుకుంది. ఆడవాళ్ళ వైపు తల్లీకూతుళ్ళూ, మగవాళ్ళ వైపు తండ్రీకొడుకులూ కూర్చున్నారు. గుడి నిండా క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి. మైకు ప్రేమరాజుదే. పెట్టెలూ ఆయనవే. తెల్లవారుజామునే వచ్చి ఆయన చేత్తోనే కట్టి వెళ్ళాడు.

పాస్టరు అయ్యగారు ప్రసంగం ముగించి బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. పళ్ళేలు బయటపడ్డాయి. "సహోదరుడితో విరోధం ఉన్నవాళ్ళు ఒక్కసారి ఆలోచించుకోండి," అన్నారు. ప్రతి నెలా అనేదే. తర్వాత, "పెద్దలు ముందుకు రావాలి," అన్నారు.

ఇద్దరు పెద్దలు లేచారు. మూడో ఆయన లేవలేదు.

"ప్రేమరాజు గారూ," అన్నారు అయ్యగారు. తన పెట్టెల్లోంచి తన పేరు అంత గట్టిగా వినపడడం ప్రేమరాజు ఎప్పుడూ ఎరగడు.

లేచాడు. బల్ల దగ్గరికి వెళ్ళాడు. పళ్ళెం తీసుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన బల్లను దాటుకుని మైకు దగ్గరికి నడిచాడు. అయ్యగారు అర్థం కాక పక్కకు జరిగారు.

"హలో," అన్నాడు ప్రేమరాజు.

ముప్ఫై ఏళ్ళలో వేల మైకులు పట్టుకున్నాడు గాని, ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి మాట్లాడిన మనిషి కాదు. అలవాటుగా వేలితో టకటకా కొట్టాడు. "హలో. హలో." వెనక వరసలో ఎవరో మైకు బాగానే పనిచేస్తోందని చెయ్యి ఊపారు.

"ఈ బల్ల ముట్టుకునే యోగ్యత ఇవాళ నాకు లేదండి," అన్నాడు.

గుడి అంతా బిగుసుకుపోయింది. సత్యప్రకాష్ ముఖం పాలిపోయింది. కరుణకుమారి వద్దన్నట్టు తల ఊపిందో, సరేనన్నట్టు ఊపిందో ఆమెకే తెలియదు.

"మంగళవారం కోటవురట్ల రోడ్డు మీద ఏ కారు ముందుందని అందరూ అడుగుతున్నారు. ఆరోజు నాకు దుమ్మే కనబడింది. అది నిజం. కానీ..."

అక్కడ ఆగాడు. తరువాతి మాట కూతురి బతుకు. ఆ పిల్లను ఒక్కసారి చూడకుండా, కళ్ళతోనైనా అడగకుండా అనడానికి నోరు రాలేదు. ఆడవాళ్ళ వైపు చూశాడు. కరుణకుమారి కనపడింది. పక్కన ఖాళీగా ఉంది.

ఆయన చూపు పట్టుకుని కరుణకుమారి కూడా పక్కకు తిరిగింది. జెన్నీ బైబిలు బెంచీ మీద ఉంది. జెన్నీ లేదు. కరుణకుమారి సంచి ఒళ్ళోకి లాక్కుని లోపల చెయ్యి పెట్టి వెతికింది. కళ్ళజోడు, మందుబిళ్ళలు, చేతిరుమాలు అన్నీ బయటపెట్టింది. తర్వాత సంచి బోర్లించింది.

తాళం లేదు.

ప్రేమరాజు మైకు వదిలేసి గుమ్మం వైపు పరుగెత్తాడు. అరవైకి దగ్గరపడిన సంఘపెద్ద ఆరాధన మధ్యలో పరుగెత్తడం ఆ గుళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. వెనక కొడుకు, భార్య. వెనక సగం సంఘం.

వేపచెట్టు నీడలో కారు పెట్టిన చోట ఎండాకులు తప్ప ఏమీ లేవు. గేటు పక్కన చెప్పులు కాసే సత్యలక్ష్మి గోనెపట్టా మీద కూర్చుని కొబ్బరి ఈనెలు గీరుకుంటోంది.

"మా జెన్నీ ఎటెల్లింది?" అన్నాడు ప్రేమరాజు రొప్పుతూ. "స్టేషనేపా? ఆసుపత్రేపా? కోటవురట్ల రోడ్డేపా?"

సత్యలక్ష్మి ఖాళీ చోటు వైపు చూసింది. తర్వాత రోడ్డు అటూ ఇటూ చూసింది. ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది కారు లేదని.

"ఎటెల్లిందో నానెలగ సెప్తాను బావూ?" అంది. "సప్పుడైతే కదా తల తిప్పుతాను."